కార్ట్రిడ్జ్ ఖర్చు తగ్గేదెలా? రీమాన్యుఫాక్చర్డ్ టోనర్, ఇంక్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జిరాక్స్ షాపు, నెట్ సెంటర్, ఆడిటర్ ఆఫీసు, ట్యూషన్ సెంటర్, పిల్లల ప్రాజెక్టులు ప్రింట్ తీయాల్సిన ఇల్లు... ప్రింటర్ కొన్న కొన్నాళ్లకి అందరిదీ ఒకటే గోల. మెషీన్ చవకగానే వచ్చింది, కార్ట్రిడ్జ్‌లే జేబు ఖాళీ చేస్తున్నాయి. అప్పుడు మొదలవుతాయి సందేహాలు: రీఫిల్ చేయిస్తే ప్రింటర్ పాడవుతుందా, రీమాన్యుఫాక్చర్డ్ అంటే పాత సరుకేనా, సగం ధరకి ఇస్తున్నాడంటే అందులో ఏదో తిరకాసు ఉంటుందా? ఎక్కువగా వినపడే ప్రశ్నలకి జవాబులు ఇవి. లేజర్ టోనర్ గురించి ఎక్కువ, ఇంక్‌జెట్ గురించి కాస్త తక్కువ రాశాను. డబ్బు నిజంగా మిగిలేది టోనర్‌లోనే.

రీఫిల్, రీమాన్యుఫాక్చర్డ్, కంపాటిబుల్, డూప్లికేట్: అన్నీ ఒకటేనా?

కాదు. షాపుల్లో మాత్రం అన్నిటినీ కలిపేసి చెబుతారు. గొడవంతా అక్కడే వస్తుంది.

రీఫిల్ అంటే మీ ఖాళీ కార్ట్రిడ్జ్‌లో కొత్త పౌడర్ గానీ ఇంక్ గానీ నింపడం. మిగతా భాగాలన్నీ పాతవే.

రీమాన్యుఫాక్చర్డ్ అంటే వాడేసిన ఒరిజినల్ కార్ట్రిడ్జ్‌ని పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, అరిగిన భాగాలు మార్చి, పౌడర్ నింపి, సీల్ వేసి, ప్రింట్ తీసి చూశాక అమ్మేది. లారీ టైరుకి రీట్రెడ్ వేసినట్టే: లోపలి కట్టు గట్టిది కాబట్టి అరిగే భాగం మార్చి మళ్లీ రోడ్డెక్కిస్తారు. కట్టు మంచిదై ఉండాలి, పనివాడు మంచివాడై ఉండాలి.

కంపాటిబుల్ అంటే వేరే కంపెనీ అచ్చు పోసి కొత్తగా తయారుచేసినది. ప్లాస్టిక్ డబ్బా దగ్గర్నుంచి అన్నీ కొత్తవే. దాని మీద ఆ కంపెనీ తన పేరే వేసుకుంటుంది. హెచ్‌పీ 12ఏ, కెనాన్ 303 రెండింటికీ సరిపోతుందని రెండు నంబర్లూ వేసి ఒకే కార్ట్రిడ్జ్ అమ్ముతుంటారే, అలాంటివి. హెచ్‌పీ లేజర్‌జెట్లలో చాలావాటి ఇంజిన్ కెనాన్ తయారీయే, అందుకే ఆ పోలిక.

డూప్లికేట్ మాత్రం నేరం. హెచ్‌పీ, కెనాన్ పేరుతో నకిలీ డబ్బా, నకిలీ స్టిక్కర్ వేసి ఒరిజినల్ ధరకో, కాస్త తగ్గించో అంటగట్టేది. పై మూడింటిలో మీరు కొంటున్నదేమిటో మీకు తెలుసు. ఇందులో తెలియదు.

రీమాన్యుఫాక్చర్ చేసేటప్పుడు లోపల ఏమేం మారుస్తారు?

ముందు టోనర్ కార్ట్రిడ్జ్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. టోనర్ ద్రవం కాదు, చాలా మెత్తని ప్లాస్టిక్ పొడి. ఒక్కో రేణువు 5 నుంచి 10 మైక్రాన్లు ఉంటుంది. అందులో రంగు, మైనం, విద్యుదావేశం నిలిపే పదార్థాలు కలిసి ఉంటాయి. ఆకుపచ్చగానో నీలంగానో మెరిసే గొట్టం ఉంటుంది చూడండి, అది డ్రమ్. పీసీఆర్ అనే రబ్బరు రోలర్ దానికి ఆవేశం ఎక్కిస్తుంది. లేజర్ కిరణం పడ్డ చోట ఆ ఆవేశం మారుతుంది. మ్యాగ్నెటిక్ రోలర్ పౌడర్‌ని పట్టుకొచ్చి అక్కడ అంటిస్తుంది. ఆ రోలర్ మీద పౌడర్ ఎంత మందంగా ఉండాలో డాక్టర్ బ్లేడ్ చూసుకుంటుంది. పౌడర్ కాగితం మీదకి దిగాక ఫ్యూజర్ వేడికి కరిగి అతుక్కుంటుంది. డ్రమ్ మీద మిగిలిపోయినదాన్ని వైపర్ బ్లేడ్ గీకి వేస్ట్ గదిలోకి నెడుతుంది.

వీటిలో ముందుగా అరిగేవి డ్రమ్, వైపర్ బ్లేడ్. తర్వాత పీసీఆర్. సరైన రీమాన్యుఫాక్చరింగ్ అంటే డ్రమ్, వైపర్ బ్లేడ్ కొత్తవి వేయాలి. పీసీఆర్, మ్యాగ్నెటిక్ రోలర్ చూసి అవసరమైతే మార్చాలి. వేస్ట్ గది మొత్తం ఖాళీ చేయాలి. చిప్ ఉన్న మోడల్ అయితే చిప్ మార్చాలి. పౌడర్ ఆ మోడల్‌కి సరిపోయేదే పోయాలి. ఈ ఆఖరి సంగతిని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వేరే మెషీన్ పౌడర్ పోస్తే అది ఫ్యూజర్ వేడికి సరిగ్గా కరగదు. వేలితో రుద్దితే అక్షరం ఊడొస్తుంది.

ఇక చేయకూడని పని: ప్లాస్టిక్‌కి వేడి ఇనుముతో కన్నం పెట్టి, పౌడర్ పోసి, టేపు అంటించి ఇచ్చేయడం. వేస్ట్ గది నిండే ఉంటుంది. నాలుగు రోజులకి పొంగి మెషీన్ లోపలంతా పడుతుంది. ఇంకా ఘోరం, వేస్ట్ పౌడర్‌నే తీసి మళ్లీ నింపడం. అందులో కాగితం పీచు, దుమ్ము ఉంటాయి. అవి డ్రమ్‌ని గీకేస్తాయి.

లెక్క చెప్పండి. నిజంగా ఎంత మిగులుతుంది?

ధర చూడకండి, పేజీ ఖర్చు చూడండి. ధరని పేజీల సంఖ్యతో భాగిస్తే చాలు. ఇక్కడ వేసిన రూపాయలు లెక్క చూపించడానికి మాత్రమే. మీ ఊళ్లో ధరలు పెట్టుకుని మీరే వేసుకోండి.

12ఏ లాంటి 2,000 పేజీల ఒరిజినల్ 4,400 రూపాయలు అనుకుందాం. పేజీకి 2 రూపాయల 20 పైసలు. రీమాన్యుఫాక్చర్డ్ 1,200కి దొరికి 1,800 పేజీలు ఇస్తే పేజీకి 67 పైసలు. రీఫిల్ 350 రూపాయలై 1,400 పేజీలు వస్తే 25 పైసలు.

ఇంతవరకూ చూస్తే రీఫిలే గెలిచింది. ఇప్పుడు చెడిపోయిన కాగితాలు కలపండి. పాత డ్రమ్‌తో పదింట ఒక పేజీ మరకపడి పారేశారనుకుంటే, 1,400లో 140 పోతాయి. కాగితం 60 పైసల లెక్కన ఇంకో 84 రూపాయలు. మంచి పేజీలు 1,260 వచ్చాయి కాబట్టి పేజీకి దాదాపు 34 పైసలు. ఇప్పటికీ చవకే! రీఫిల్ దండగ అని ఊరికే కొట్టిపారేసేవాళ్లు ఈ లెక్క వేయరు.

కానీ ఒక్కసారి పౌడర్ కారిపోయి మెకానిక్‌ని పిలిచి, ఆయన 700 తీసుకున్నాడంటే పేజీ ఖర్చు 90 పైసలకి ఎక్కుతుంది. అంటే రీమాన్యుఫాక్చర్డ్‌ని దాటేసింది. హాల్‌టికెట్ల సీజన్‌లో పూట మొత్తం షాపు ఆగిపోయిన నష్టం ఇందులో కలపలేదు.

నా సలహా ఇది. మీ సొంత ఒరిజినల్ కార్ట్రిడ్జ్‌ని, పని తెలిసిన ఒకే మనిషి చేత రీఫిల్ చేయించండి. రెండో రీఫిల్‌కో మూడో రీఫిల్‌కో డ్రమ్, బ్లేడ్ మార్పించండి. అలా చేస్తే మీకు దొరికేది నిజానికి రీమాన్యుఫాక్చర్డ్ కార్ట్రిడ్జే, ఖర్చు దాదాపు రీఫిల్‌దే. అలాంటి మనిషి దొరకకపోతే రీమాన్యుఫాక్చర్డ్ కొనుక్కోండి.

2,000 పేజీలు అన్నారు, 1,200కే అయిపోయింది. మోసమేనా?

అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. కంపెనీలు చెప్పే పేజీల సంఖ్య ఐఎస్ఓ/ఐఈసీ 19752 అనే ప్రమాణం ప్రకారం లెక్కించినది. అందులో వాడే నమూనా పేజీలో నలుపు దాదాపు 5 శాతమే ఉంటుంది. అంటే పలచగా టైపు చేసిన ఒక ఉత్తరం లాంటిది.

మన పని అలా ఉండదు కదా. అనూ ఫాంట్లలో లావు అక్షరాల హెడ్డింగులు, చుట్టూ బోర్డరు, పైన దేవుడి బొమ్మ. ఆధార్, పాన్ కార్డుల జిరాక్సులు. పాసుపుస్తకం ఫొటో పేజీ. వీటిలో నలుపు 5 శాతానికి చాలా ఎక్కువ. పేజీలో నలుపు రెట్టింపైతే పేజీల సంఖ్య దాదాపు సగమవుతుంది.

ఇంకో చిన్న అలవాటు చాలా పౌడర్ తింటుంది. ఆధార్ కార్డు జిరాక్స్ తీసేటప్పుడు తొందరలో మూత వేయరు. కార్డు చుట్టూ కాగితమంతా నల్లగా వస్తుంది. ఆ ఒక్క కాగితానికి అయ్యే పౌడర్‌తో మామూలు పేజీలు ఎన్నో వచ్చేవి. మూత వేయండి. నేను చెప్పగలిగిన ఆదా చిట్కాల్లో ఇంతకంటే చవకది లేదు.

మోసమో కాదో తేలాలంటే ప్రింటర్ మెనూలో పేజీ కౌంటర్ చూడండి. కార్ట్రిడ్జ్ పెట్టిన రోజు అంకె, తీసిన రోజు అంకె దాని మీదే మార్కర్‌తో రాయండి. ఒరిజినల్‌తో మీ షాపులో ఎన్ని వచ్చాయో తెలిస్తే రీమాన్యుఫాక్చర్డ్‌ని దానితోనే పోల్చాలి, డబ్బా మీద అంకెతో కాదు.

ఏ ప్రింటర్లకి ఇది లాభం, వేటికి కాదు?

నలుపు-తెలుపు లేజర్ అయితే నిశ్చింతగా వెళ్లండి. 12ఏ, 88ఏ, కెనాన్ 303 లాంటి వాటిమీద పనిచేసి చేయి తిరిగినవాళ్లు ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఉన్నారు. విడిభాగాలు సులువుగా దొరుకుతాయి.

బ్రదర్ కంపెనీ మోడళ్లలో చాలావాటికి టోనర్ వేరు, డ్రమ్ యూనిట్ వేరు. అక్కడ టోనర్ వరకే రీమాన్యుఫాక్చర్డ్ తీసుకుని, డ్రమ్ అరిగినప్పుడు విడిగా మార్చుకోవచ్చు. లెక్క వేసేటప్పుడు ఆ డ్రమ్ ధర మరచిపోవద్దు.

కలర్ లేజర్‌కి కొంచెం ఆలోచించాలి. నాలుగు రంగుల్లో ఒక్కటి తేడాగా ఉన్నా మొహాలు ఎర్రగానో పచ్చగానో వస్తాయి. ఆఫీసు కాగితాలకి పర్వాలేదు. కస్టమర్‌కి బ్రోచర్లు వేసిస్తే తిట్లు తింటారు.

ఇంక్‌జెట్‌లో రెండు రకాలున్నాయి. హెచ్‌పీ 680, 803 లాంటి వాటిలో ప్రింట్ హెడ్ కార్ట్రిడ్జ్‌కే అతుక్కుని ఉంటుంది. అందులో సన్నని హీటర్లు ఇంక్‌ని మరిగించి బుడగగా చేసి బయటికి తోస్తాయి. ఇంక్ అయిపోయాక కూడా ప్రింట్ తీస్తూ పోతే హీటర్లు మాడిపోతాయి. మాడిన హెడ్‌కి ఎంత మంచి ఇంక్ పోసినా గీతలే. అందుకే ఈ రకంలో రీమాన్యుఫాక్చర్డ్ అంటే కొంత లాటరీ. ఇంకో రకంలో, ఎప్సన్ మోడళ్లలో లాగా, హెడ్ ప్రింటర్‌లోనే ఉంటుంది. కార్ట్రిడ్జ్ ఉత్త డబ్బా. అక్కడ వేరే కంపెనీ కార్ట్రిడ్జ్‌తో ఇబ్బంది తక్కువే. కానీ నాసిరకం ఇంక్‌తో హెడ్ మూసుకుపోతే ప్రింటర్‌కే ఎసరు.

కార్ట్రిడ్జ్ లేకుండా, సీసాతో ట్యాంకులోకే ఇంక్ పోసుకునే ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఉన్నవాళ్లకి ఈ పేజీతో పెద్దగా పనిలేదు. సీసా ఒరిజినలే కొనండి. పేజీ లెక్కన చూస్తే అది ఎలాగూ చవకే, హెడ్‌తో చెలగాటం ఎందుకు?

బయటి కార్ట్రిడ్జ్ వాడితే వారంటీ పోతుందా?

"పెడితే వారంటీ క్యాన్సిల్" అని బెదిరించేవాళ్లు చాలామంది. హెచ్‌పీ తన వారంటీ పత్రంలో రాసింది వేరు: తమది కాని కార్ట్రిడ్జ్ గానీ రీఫిల్ చేసినది గానీ వాడినంత మాత్రాన వారంటీ పోదు. అయితే ప్రింటర్ చెడిపోవడానికి కారణం ఆ కార్ట్రిడ్జే అయితే, ఆ మరమ్మతుకి పని ఖర్చు, సామాను ఖర్చు తీసుకుంటారు. న్యాయంగానే ఉంది కదా. పేపర్ లాగే రోలర్ పోతే దానికీ టోనర్‌కీ సంబంధం లేదు. లోపలంతా పౌడర్ పడి బోర్డు కాలితే మాత్రం మీ ఖర్చే.

వేరే కంపెనీ ప్రింటర్ అయితే దానితో వచ్చిన వారంటీ కాగితం చదవండి. ఇంకో మాట. కొత్త ప్రింటర్‌తో వచ్చిన మొదటి కార్ట్రిడ్జ్‌ని పారేయకండి. సర్వీసుకి తీసుకెళ్లేటప్పుడు అది పెట్టుకుని వెళితే లోపం కార్ట్రిడ్జ్‌లో ఉందా, మెషీన్‌లో ఉందా అన్న వాదన అక్కడికక్కడే తేలిపోతుంది.

చిప్ గొడవేమిటి? స్క్రీన్ మీద "నాన్ జెన్యూన్" అని వస్తోంది.

12ఏ, 303 లాంటి పాత కార్ట్రిడ్జ్‌లలో చిప్ ఉండదు. అందుకే పాత మెషీన్లంటే షాపులవాళ్లకి అంత మమకారం. తర్వాత వచ్చిన చాలా మోడళ్లలో చిన్న చిప్ పెట్టారు. ఎన్ని పేజీలయ్యాయో, ఇంకెంత మిగిలిందో అది లెక్కపెడుతుంది. రీఫిల్ చేశాక పౌడర్ నిండుగా ఉన్నా చిప్ మాత్రం ఖాళీ అనే అంటుంది. కొన్ని ప్రింటర్లలో ఓకే నొక్కి ముందుకు పోవచ్చు, లెవెల్ చూపించదంతే. కొన్నిటిలో చిప్ మార్చక తప్పదు.

అసలు టెన్షన్ ఫర్మ్‌వేర్, అంటే ప్రింటర్ లోపల ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అప్‌డేట్లతో. హెచ్‌పీ "డైనమిక్ సెక్యూరిటీ" పేరుతో కొన్ని మోడళ్లలో, తమది కాని చిప్ ఉన్న కార్ట్రిడ్జ్‌లని ఆపేసే ఏర్పాటు పెట్టింది. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు వాడేవాళ్ల బయటి కార్ట్రిడ్జ్‌లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. పెద్ద గొడవ అయింది. ఆ ఏర్పాటు తీసేసే ఫర్మ్‌వేర్‌ని హెచ్‌పీ విడుదల చేయాల్సి వచ్చింది. కొనేవాళ్లకి ఇలాంటి ఆంక్షలు సరిగ్గా చెప్పలేదని ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2020 డిసెంబరులో హెచ్‌పీకి కోటి యూరోల జరిమానా వేసింది.

మీరు చేయాల్సింది: ప్రింటర్ సెట్టింగుల్లో ఆటో అప్‌డేట్ ఆపేసే వీలుందేమో చూడండి. కొనేముందు ఈ చిప్ తాజా ఫర్మ్‌వేర్‌తో నడుస్తుందా అని అడగండి. నడవకపోతే వెనక్కి తీసుకుంటానని బిల్లు మీద రాయించుకోండి.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. అక్కడ ఇవి వాడటం చట్టబద్ధమేనా?

చట్టబద్ధమే. 2017 మే 30న అమెరికా సుప్రీంకోర్టు, రీమాన్యుఫాక్చర్డ్ కార్ట్రిడ్జ్‌లు అమ్మే ఇంప్రెషన్ ప్రొడక్ట్స్‌కీ ప్రింటర్ కంపెనీ లెక్స్‌మార్క్‌కీ మధ్య కేసులో స్పష్టంగా చెప్పింది. కంపెనీ ఒకసారి కార్ట్రిడ్జ్ అమ్మేశాక, దాని మీద పేటెంట్ హక్కు పేరుతో తర్వాతి వాడకాన్ని ఆపలేదు. కార్ట్రిడ్జ్ విదేశంలో అమ్మినదైనా అంతే. వాడినది తిరిగి మాకే ఇవ్వాలన్న షరతుతో లెక్స్‌మార్క్ తక్కువ ధరకి అమ్మిన కార్ట్రిడ్జ్‌ల మీద వచ్చిన కేసు అది.

అయితే అక్కడ ఇంకో రెండు చిక్కులున్నాయి. హెచ్‌పీ ప్లస్ అనే పథకంలో చేరితే ఆ ప్రింటర్ ఉన్నంతకాలం హెచ్‌పీ ఒరిజినలే వాడాలి, ఇంటర్నెట్ కనెక్షన్ ఉండాలి. మోడల్ నంబరు చివర ఇంగ్లిష్ "ఇ" అక్షరం ఉంటే అడిగి తెలుసుకోమనండి. ఇంకోటి ఇన్‌స్టంట్ ఇంక్ చందా. నెలనెలా డబ్బు కడితే కార్ట్రిడ్జ్‌లు ఇంటికొస్తాయి. చందా ఆపేస్తే ఇంక్ మిగిలి ఉన్నా ఆ కార్ట్రిడ్జ్‌లు పనిచేయవు. కొత్తగా వెళ్లిన పిల్లలు ప్రింటర్ పెట్టుకునేటప్పుడు వచ్చినవన్నీ ఓకే నొక్కేస్తారు. అక్కడ కాస్త చదివి నొక్కమని చెప్పండి.

కొత్త కార్ట్రిడ్జ్ తెచ్చాక ఎలా పరీక్షించాలి?

షాపువాడు ఇంగ్లిష్ టెస్ట్ పేజీ తీసి "చూశారా, ఎంత నల్లగా ఉందో" అంటాడు. అది చాలదు. మన లిపికి పరీక్ష వేరే ఉండాలి.

పెన్‌డ్రైవ్‌లో మూడు పేజీలు ఉంచుకోండి. మొదటిది 9 లేదా 10 సైజులో పేజీ నిండా తెలుగు. అందులో స్వాతంత్ర్యం, లక్ష్మి, దార్ఢ్యం లాంటి మాటలు ఉండాలి. ఒత్తుల మధ్య ఖాళీలు పూడిపోతున్నాయా చూడండి. ద, ధ తేడా, డ, ఢ తేడా కింద ఉన్న చిన్న గీతతోనే తెలుస్తాయి. పౌడర్ పలచగా పడితే ముందు పోయేది ఆ గీతే. ఆస్తి కాగితాల్లో, పేర్లలో అది పోతే ఊరుకుంటారా?

రెండోది పేజీ మొత్తం బూడిదరంగు. ఎక్కడ వెలిసిపోయినా, గీత ఉన్నా ఇందులో బయటపడుతుంది. మూడోది ఉత్త ఖాళీ పేజీ. తెల్ల కాగితం తెల్లగానే బయటికి రావాలి. బూడిదగా నీడ పడినా, చుక్కలు ఉన్నా తీసుకోకండి.

చివరగా, బయటికి వచ్చిన కాగితాన్ని ఒక నిమిషం ఆగి వేలితో గట్టిగా రుద్దండి. ఊడితే పౌడర్ సరిపోలేదు, లేదా ఫ్యూజర్‌లో లోపం. పాత కార్ట్రిడ్జ్ పెట్టి తీసిన కాగితాన్ని కూడా రుద్దితే రెండింటిలో తప్పు దేనిదో తెలుస్తుంది.

గీతలు, మరకలు వస్తున్నాయి. లోపం ఎక్కడుంది?

పేజీ పొడవునా సన్నని నల్లగీత ఉంటే వైపర్ బ్లేడ్ గానీ గీత పడ్డ డ్రమ్ గానీ కారణం. ఒకే మరక సమాన దూరంలో మళ్లీ మళ్లీ వస్తుంటే స్కేలుతో కొలవండి. 12ఏ రకంలో సుమారు 75 మిల్లీమీటర్లకి ఒకసారి వస్తే అది డ్రమ్. డ్రమ్ ఒక చుట్టు తిరిగే దూరం అది. మెకానిక్ "మెషీన్ మొత్తం సర్వీస్ చేయాలి" అంటే ఈ కొలత చూపించండి.

పేజీలో ఒక పక్క వెలిసిపోతే పౌడర్ ఒకవైపు చేరినట్టు. కార్ట్రిడ్జ్ తీసి అడ్డంగా ఐదారుసార్లు మెల్లగా ఊపండి. పేజీ అంతా బూడిదగా ఉంటే పౌడర్ తేడా, లేకపోతే పీసీఆర్, డాక్టర్ బ్లేడ్‌లలో ఏదో ఒకటి. ఈ బూడిద నీడ అసలైన దొంగ. అక్షరాలు బాగానే ఉన్నాయి కదా అని వదిలేస్తాం, ప్రతి పేజీకీ పౌడర్ ఊరికే పోతూ ఉంటుంది.

ఎక్కడ కొనాలి, ఏమడగాలి?

హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్, తెలిసిందే. అక్కడ పది షాపులు తిరిగి ధర తగ్గించుకోవచ్చు. కానీ మీరుండేది సూర్యాపేటలోనో తునిలోనో అయితే, వంద రూపాయలు ఎక్కువైనా మీ ఊళ్లో వాడే నయం. పాడైతే సాయంత్రానికి మార్చి ఇస్తాడు.

అడగాల్సినవి: డ్రమ్ కొత్తదా, పాతదా? వైపర్ బ్లేడ్ మార్చారా? ఖాళీ డబ్బా ఒక్కసారి వాడిన ఒరిజినలా, ఇప్పటికే నాలుగుసార్లు తిరిగినదా? మొదటిసారి ఖాళీ అయిన దాన్ని ఈ వ్యాపారంలో "వర్జిన్ ఎంప్టీ" అంటారు. ఆ మాట వాడితే విషయం తెలిసిన మనిషని అనుకుని జాగ్రత్తగా జవాబిస్తాడు. జర్మనీలో ఇలాంటి కార్ట్రిడ్జ్‌లకి డీఐఎన్ 33870 అనే ప్రమాణం ఉంది. ఎవరైనా ఆ పేరు చెప్పి ఎక్కువ ధర అడిగితే పరీక్ష కాగితం చూపించమనండి.

జీఎస్టీ బిల్లు తీసుకోండి. మారుస్తానన్న హామీకి ఆ బిల్లే ఆధారం. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారస్తులకి ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వస్తుంది. బిల్లు లేకుండా తగ్గించాడని సంబరపడితే ఆ తగ్గింపులో సగం అక్కడే పోతుంది. ఎంత వాడేవాళ్లయినా ఒకేసారి పది కొనకండి. ఒకటి కొని పూర్తిగా వాడాకే రెండోది.

ఒరిజినల్ అని డబ్బు పెట్టి కొంటే డూప్లికేట్ వచ్చింది. గుర్తుపట్టేదెలా?

హెచ్‌పీ డబ్బా మీద హోలోగ్రామ్ ఉన్న సెక్యూరిటీ లేబుల్, క్యూఆర్ కోడ్ ఉంటాయి. కోడ్‌ని ఫోన్‌తో స్కాన్ చేయండి. లేబుల్ గీకినట్టో, మళ్లీ అంటించినట్టో ఉంటే వద్దు. ఒరిజినల్ ధర తెలిసి కూడా మరీ సగానికి ఇస్తున్నాడంటే అది ఒరిజినల్ కాదని అతనికీ తెలుసు.

మన చేతిలో ఉన్న జాగ్రత్త ఒకటుంది. ఒరిజినల్ వాడేశాక ఆ అట్టపెట్టెని చెక్కుచెదరకుండా పాత సామాన్లవాడికి వేయకండి. చింపి వేయండి. బాగున్న పెట్టెలకి, చెదరని లేబుళ్లకి గిరాకీ ఎందుకుంటుందో వేరే చెప్పాలా?

ఇంట్లోనే సిరంజితో ఇంక్ నింపుకోవచ్చా?

నింపుకోవచ్చు, ఓపిక ఉంటే. పూర్తిగా ఎండిపోకముందే నింపండి, హీటర్లు బతుకుతాయి. మెల్లగా, లోపలి స్పాంజ్ పీల్చుకునేంత వేగంతోనే పొయ్యండి. పొంగితే రంగులు కలిసిపోతాయి.

చాలా హెచ్‌పీ ఇంక్‌జెట్లలో నలుపు పిగ్మెంట్ ఇంక్ (సన్నని రంగు రేణువులతో చేసింది), రంగులు డై ఇంక్ (ద్రవంలో కరిగే రంగు). నలుపులో చవక డై పోస్తే అక్షరం అంచులు పాకుతాయి, నీటిచుక్క పడితే చెదిరిపోతుంది. సర్టిఫికెట్లు, అఫిడవిట్లు ప్రింట్ తీసేవాళ్లు ఈ పని చేయొద్దు. నింపినా నింపకపోయినా వారానికి ఒక్క రంగు పేజీ అయినా తీయండి. వేసవి సెలవులకి ఊరెళ్లి వచ్చేసరికి హెడ్ ఎండిపోయేది అందుకే. ఎండాక చేసే క్లీనింగ్ కూడా ఇంక్‌నే తాగుతుంది.

స్టాకు ఎలా దాచాలి?

టోనర్‌ని కవర్ విప్పకుండా, ఎండ తగలకుండా పెట్టండి. డ్రమ్ వెలుతురుకి పాడవుతుంది. వేళ్లతో ముట్టుకున్నా మరక పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో వానాకాలం తేమకి కాగితం మెత్తబడి ప్రింట్ వెలిసిపోతుంది. తప్పు కార్ట్రిడ్జ్‌దనుకుంటాం. కొత్త రీమ్ విప్పి ఒకసారి చూడండి. ఇంక్‌కి గడువు తేదీ ఉంటుంది, ఆఫర్ ఉందని డజను కొనకండి.

టోనర్ పొడి ఆరోగ్యానికి ప్రమాదమా?

మూసి ఉన్న కార్ట్రిడ్జ్ మార్చడంలో భయం లేదు. రీఫిల్ చేసేవాళ్లు మాత్రం మాస్క్, గ్లవ్స్ వేసుకోవాలి, గాలి ఆడే చోట కూర్చోవాలి. బట్టల మీద పడితే దులిపి చల్లనీళ్లతో ఉతకండి. వేడినీళ్లు పోస్తే కరిగి అతుక్కుంటుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌తో లాగకండి. అంత మెత్తని పొడిని దాని ఫిల్టర్ ఆపలేదు, తిరిగి గదిలోకే వదులుతుంది.

ఖాళీ కార్ట్రిడ్జ్‌లు ఏం చేయాలి?

చెత్తబుట్టలో వేయొద్దు, కాల్చొద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల జాబితాలో ప్రింటర్లతో పాటు కార్ట్రిడ్జ్‌లూ ఉన్నాయి. ఒరిజినల్ ఖాళీలకి ధర వస్తుంది. రీమాన్యుఫాక్చరర్‌కి కావలసింది అవే. కొత్తది కొనేటప్పుడు ఖాళీది ఇచ్చి ఎంత తగ్గిస్తారో అడగండి. విరిగినవి, కంపాటిబుల్ ఖాళీలు ఎవరూ తీసుకోకపోతే అధీకృత రీసైక్లర్‌కి ఇవ్వండి.

ఇన్ని తిప్పలు పడేకంటే వేరే ప్రింటర్ కొంటే పోదా?

కొన్నిసార్లు అదే సరైన పని. నెలకి వందల పేజీలు తీస్తూ, ఇంకా చిన్న ఇంక్‌జెట్ కార్ట్రిడ్జ్‌లతో కుస్తీ పడుతుంటే మానేయండి. అక్షరాలే ఎక్కువైతే నలుపు-తెలుపు లేజర్, రంగులు కావాలంటే ఇంక్ ట్యాంక్. ఎప్సన్ 2010లో ఇండోనేషియాలో మొదలుపెట్టిన ఈ ట్యాంకు పద్ధతిని తర్వాత కెనాన్, హెచ్‌పీ, బ్రదర్ అన్నీ అందుకున్నాయి.

కొనేముందు ఆ ప్రింటర్ ధర కాదు, దాని కార్ట్రిడ్జ్ నంబరు అడగండి. ఆ నంబరుకి రీమాన్యుఫాక్చర్డ్ దొరుకుతుందా, చిప్ ఉందా, డ్రమ్ విడిగా ఉందా కనుక్కోండి. కొత్త ప్రింటర్‌తో వచ్చే కార్ట్రిడ్జ్ చాలా మోడళ్లలో పూర్తిగా నింపింది కాదు, స్టార్టర్. "ఇంకా నెల కాలేదు, అప్పుడే అయిపోయింది" అని షాపువాడితో గొడవపడే ముందు డబ్బా మీద ఎన్ని పేజీలని రాసి ఉందో చూసుకోండి.